చిన్న కమ్యూనిటీ కాలేజీలో హెల్త్ అండ్ వెల్‌నెస్ కోర్సు: డిగ్రీనా, సర్టిఫికెట్టా? ఏవి ముందు చదవాలి?

కొత్తబాట (ప్రశ్న):

అమెరికాలో హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి కుటుంబ వీసా) మీద ఉన్నాను, ఈఏడీ (పనిచేసే అనుమతి కార్డు) ఉంది. ఇండియాలో మూడేళ్ల బీఎస్సీ చేశాను (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ), పూర్తయి తొమ్మిదేళ్లు. మా కౌంటీలోని కమ్యూనిటీ కాలేజీ చాలా చిన్నది. హెల్త్ అండ్ వెల్‌నెస్‌లో రెండు దారులున్నాయంటున్నారు. ఒకటి 60 క్రెడిట్ల ఏఏఎస్ (అసోసియేట్ ఆఫ్ అప్లైడ్ సైన్స్) అనే రెండేళ్ల డిగ్రీ, రెండోది 24 క్రెడిట్ల సర్టిఫికెట్. కేటలాగ్‌లో అనాటమీ–ఫిజియాలజీ 1, 2, న్యూట్రిషన్, స్ట్రెస్ మేనేజ్‌మెంట్, ఫిట్‌నెస్ అసెస్‌మెంట్, బిహేవియర్ చేంజ్, చివర్లో ప్రాక్టికమ్ (పనిచోట చేసే శిక్షణ) కనిపిస్తున్నాయి.

దీంతో ఏ ఉద్యోగాలకు నిజంగా అర్హత వస్తుంది? నా బీఎస్సీ క్రెడిట్లు ఏమన్నా కలుస్తాయా? ఇద్దరు చిన్నపిల్లలతో సెమిస్టర్‌కు ఎన్ని క్రెడిట్లు మోయగలం? ఏ కోర్సులో జనం ఎక్కువగా తప్పుతున్నారు? "మంచి ఫీల్డండీ, చేరిపోండి" అనే జవాబులు ఇప్పటికే చాలా విన్నాను. లెక్కలు తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

క్రెడిట్_లెక్కలు:

ముందు ఏఏఎస్‌కూ ఏఎస్‌కూ (అసోసియేట్ ఆఫ్ సైన్స్) తేడా చూసుకోండి. ఏఏఎస్ నేరుగా ఉద్యోగానికి పంపే డిగ్రీ. ఏఎస్ నాలుగేళ్ల యూనివర్సిటీలో మూడో ఏడాదిలో చేరడానికి వీలుగా కట్టిన డిగ్రీ. రెండూ 60 క్రెడిట్ల దగ్గరే ఉంటాయి కాబట్టి ఒకటే అనిపిస్తాయి. ఏఏఎస్‌లో ప్రాక్టికల్ కోర్సులు ఎక్కువ, జనరల్ ఎడ్యుకేషన్ తక్కువ. తర్వాత బ్యాచిలర్స్‌కు వెళ్దామనుకుంటే ఆ ప్రాక్టికల్ కోర్సులు చాలావరకు ఉత్త ఎలెక్టివ్‌ల కిందకే పోతాయి. మీ కాలేజీకి దగ్గర్లోని స్టేట్ యూనివర్సిటీతో ఆర్టిక్యులేషన్ అగ్రిమెంట్ (క్రెడిట్లు బదిలీ చేసుకునే ఒప్పందం) ఉందా అని అడ్వైజర్‌ని అడగండి. "ఉంది" అంటే ఆ కాగితం చూపించమనండి. ఏ కోర్సు అక్కడ ఏ కోర్సుగా మారుతుందో అందులో వరసగా రాసి ఉంటుంది. కాగితం లేని అగ్రిమెంట్‌ను నమ్ముకోకండి.

మీ విషయంలో అంతకంటే ముందు తేలాల్సింది బీఎస్సీ సంగతి. నాసెస్ (విదేశీ చదువులను అమెరికా లెక్కలోకి మార్చి చూపే సంస్థల సంఘం) సభ్య సంస్థ ఏదైనా ఒకదానితో (డబ్ల్యూఈఎస్, ఈసీఈ లాంటివి) ఎవాల్యుయేషన్ చేయించండి. చవకగా వచ్చే "డాక్యుమెంట్ బై డాక్యుమెంట్" రిపోర్ట్ కాదు, "కోర్స్ బై కోర్స్" రిపోర్టే తీసుకోండి. మొదటిది డిగ్రీ ఉందని చెప్పి ఊరుకుంటుంది. క్రెడిట్లు, గ్రేడ్లు విడివిడిగా కనబడకపోతే కాలేజీ ఏదీ కలపలేదు. మూడేళ్ల డిగ్రీని ఒక సంస్థ పూర్తి బ్యాచిలర్స్‌గా, ఇంకో సంస్థ మూడేళ్ల చదువుగా లెక్కవేయవచ్చు. డబ్బు కట్టకముందే వాళ్ల సైట్‌లో మీ యూనివర్సిటీ గురించి ఏం రాశారో చూడండి. యూనివర్సిటీ నుంచి సీల్డ్ ట్రాన్‌స్క్రిప్టులు రావడానికే వారాలు పడుతుంది కాబట్టి ఈ పని ఇవాళే మొదలుపెట్టండి.

రిపోర్ట్ బ్యాచిలర్స్ అని వస్తే మీకు ఏఏఎస్ అవసరం చాలా తగ్గిపోతుంది. పెద్ద డిగ్రీ చేతిలో ఉండగా చిన్న డిగ్రీ కోసం రెండేళ్లు పెట్టడం కంటే సర్టిఫికెట్టో, కావాల్సిన నాలుగైదు కోర్సులో తీసుకోవడం మేలు. మూడేళ్లే అని వస్తే ఇంగ్లిష్, కెమిస్ట్రీ, కొన్ని ఎలెక్టివ్‌లు కలిసే అవకాశం ఉంది. ఎన్ని కలిసినా డిగ్రీ ఇవ్వాలంటే కనీసం నాలుగో వంతు, అంటే 15 క్రెడిట్ల దాకా, తమ దగ్గరే చదవాలని కాలేజీలు సాధారణంగా నియమం పెట్టుకుంటాయి. అనాటమీ–ఫిజియాలజీ మాత్రం కలుస్తుందని ఆశ పెట్టుకోకండి. జువాలజీలో మానవ శరీరం ల్యాబ్‌తో సహా పూర్తిగా రాదు. పైగా హెల్త్ కోర్సుల్లో సైన్స్ క్రెడిట్లకు ఐదేళ్లో ఏడేళ్లో కాలపరిమితి పెట్టే చోట్లే ఎక్కువ.

ఇక చిన్న కాలేజీలో ఫీజు కన్నా పెద్ద చిక్కు టైంటేబుల్. ఒక్కో కోర్సు ఏడాదికి ఒక్కసారే పెడతారు, కొన్ని రెండేళ్లకు ఒకసారి. అనాటమీ–ఫిజియాలజీ 1 ఫాల్‌లో (ఆగస్టు ప్రాంతంలో మొదలయ్యే సెమిస్టర్), 2 స్ప్రింగ్‌లో (జనవరి ప్రాంతంలో మొదలయ్యేది), మొదటిది పాసైతేనే ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ, అది అయితేనే ప్రాక్టికమ్. ఈ గొలుసులో ఒక ఫాల్ జారిందంటే నష్టం ఒక సెమిస్టర్ కాదు, ఏడాది. విద్యార్థులు సరిపోకపోతే క్లాసు మొదలయ్యే ముందు వారం సెక్షన్ రద్దు చేయడం కూడా మామూలే. అందుకే అడ్వైజర్ దగ్గర రెండేళ్ల కోర్స్ రొటేషన్ (ఏ కోర్సు ఏ సెమిస్టర్‌లో పెడతారో చూపే పట్టిక) అడిగి తీసుకోండి. రద్దయితే ఇండిపెండెంట్ స్టడీ (లెక్చరర్ పర్యవేక్షణలో ఒక్కరే చదివే ఏర్పాటు) ఇస్తారా, వేరే కోర్సుకు సబ్‌స్టిట్యూషన్ ఫారం సంతకం చేస్తారా అన్నది ఈమెయిల్‌లో అడగండి, జవాబూ ఈమెయిల్‌లోనే తీసుకోండి. అడ్వైజర్లు మారిపోతుంటారు. మీరు చేరిన ఏడాది కేటలాగ్‌ను పీడీఎఫ్‌గా దాచుకోండి. మధ్యలో ఆపకుండా చదివినంతకాలం సాధారణంగా ఆ కేటలాగ్ నియమాలే మీకు వర్తిస్తాయి.

కాలేజీ అక్రెడిటేషన్‌ను (అధికారిక గుర్తింపును) యూఎస్ డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఎడ్యుకేషన్ వారి డీఏపీఐపీ డేటాబేస్‌లో రెండు నిమిషాల్లో చూసుకోవచ్చు. హెచ్-4 మీద ఉన్నవారికి ఫెడరల్ ఎయిడ్ (కేంద్ర ప్రభుత్వ ఆర్థిక సాయం) రాదు. ఇన్-స్టేట్ ఫీజు (ఆ రాష్ట్రవాసులకుండే తక్కువ ఫీజు) వస్తుందా రాదా అనేది రాష్ట్రాన్నిబట్టి మారుతుంది, రెసిడెన్సీ ఆఫీసులోనే తేల్చుకోవాలి. కాలేజీ ఫౌండేషన్ ఇచ్చే చిన్న స్కాలర్‌షిప్‌లు కొన్నింటికి వీసా అడ్డురాదు. చిన్నచోట అప్లై చేసేవాళ్లు కూడా తక్కువే.

గడప_దాటాక:

ఉద్యోగాల మాట. "హెల్త్ అండ్ వెల్‌నెస్" పేరుతో లైసెన్స్ ఏదీ లేదు. తలుపు తీసేది డిగ్రీ మీద అదనంగా తెచ్చుకునే సర్టిఫికేషనే (కాలేజీ ఇచ్చే సర్టిఫికెట్ కాదు, బయటి సంస్థ పరీక్ష పాసై తెచ్చుకునేది). కాబట్టి వెనక నుంచి ముందుకు రండి: ఏ పని కావాలి, దానికి ఏ పరీక్ష, ఆ పరీక్ష ఏం అడుగుతుంది.

పర్సనల్ ట్రైనర్‌కు డిగ్రీ అక్కర్లేదు. 18 ఏళ్లు నిండి, హైస్కూల్ చదువు, చెల్లుబాటులో ఉన్న సీపీఆర్–ఏఈడీ (గుండె ఆగినప్పుడు చేసే ప్రథమ చికిత్స) కార్డు ఉంటే ఏసీఈ, ఎన్ఏఎస్ఎం, ఏసీఎస్ఎం, ఎన్ఎస్‌సీఏ వంటి సంస్థల పరీక్ష రాయవచ్చు. ఆ సర్టిఫికేషన్‌కు ఎన్‌సీసీఏ (సర్టిఫికేషన్ల నాణ్యత చూసే సంస్థ) గుర్తింపు ఉందో లేదో చూసుకోండి, జిమ్‌లు అడిగేది అదే. సీపీఆర్ కార్డు పూర్తిగా ఆన్‌లైన్‌లో తెచ్చుకుంటే తిప్పి పంపుతారు. బొమ్మ మీద చేతులతో చేసి చూపించిన క్లాసే కావాలి. కార్డు రెండేళ్లు పనిచేస్తుంది.

హెల్త్ కోచ్ అయితే ఎన్‌బీహెచ్‌డబ్ల్యూసీ (హెల్త్ కోచ్‌ల జాతీయ బోర్డు) పరీక్ష ఉంది. అసోసియేట్ లేదా అంతకుమించిన డిగ్రీ (ఏ సబ్జెక్టైనా సరే), లేదా 4,000 గంటల పని అనుభవం ఉండాలి. దాంతోపాటు వాళ్లు ఆమోదించిన ట్రైనింగ్ ప్రోగ్రాం పూర్తిచేయాలి, కనీసం 20 నిమిషాల చొప్పున 50 కోచింగ్ సెషన్ల లాగ్ చూపాలి. స్నేహితులతో, ఇంట్లోవాళ్లతో చేసిన సెషన్లు లెక్కలోకి రావు. మీ కాలేజీ కోర్సు ఆ ఆమోదిత జాబితాలో ఉందేమో బోర్డు సైట్‌లో వెతకండి. లేకపోతే ఆ కోర్సు చదివినా ఈ పరీక్షకు పనికిరాదు. ఈ ఒక్క వెతుకులాట చేయకుండా చేరేవాళ్లే ఎక్కువ.

హెల్త్ ఎడ్యుకేటర్ ఉద్యోగాలకు, అంటే కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్లు, హాస్పిటల్ కమ్యూనిటీ ప్రోగ్రాంల వంటి వాటికి, సీహెచ్ఈఎస్ (సర్టిఫైడ్ హెల్త్ ఎడ్యుకేషన్ స్పెషలిస్ట్) సర్టిఫికేషన్ అడుగుతారు. దానికి బ్యాచిలర్స్ తప్పనిసరి. డిగ్రీ హెల్త్ ఎడ్యుకేషన్‌లో కాకపోతే ఆ సబ్జెక్టులో 25 సెమిస్టర్ క్రెడిట్లు చూపాలి. పరీక్ష ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో ఉంటుంది. మీ బీఎస్సీ బ్యాచిలర్స్‌గా తేలితే మీకు అన్నిటికన్నా దగ్గరి దారి ఇదే అనుకుంటున్నాను.

డైటీషియన్ అవుదామన్న ఉద్దేశం ఉంటే ఇప్పుడే చెప్పేస్తాను: 2024 జనవరి 1 నుంచి ఆర్‌డీ (రిజిస్టర్డ్ డైటీషియన్) పరీక్ష రాయాలంటే మాస్టర్స్ ఉండాలి. ఈ కోర్సులోని న్యూట్రిషన్ క్లాసుతో ఎవరికీ డైట్ చార్టు రాసిచ్చే హక్కు రాదు. షుగర్ ఉన్నవారికి "ఇది తినండి, అది మానండి" అని ప్లాన్ ఇవ్వడం చాలా రాష్ట్రాల్లో లైసెన్స్ ఉన్నవారి పని. మీరు చేయగలిగింది సాధారణ సమాచారం చెప్పడం, ఆపైన డైటీషియన్ దగ్గరకు పంపడం. ప్రాక్టికమ్‌లో సూపర్‌వైజర్లు మొదట గమనించేది ఈ గీత ఎవరు దాటుతున్నారన్నదే.

ల్యాబ్_బల్ల:

జనం ఎక్కడ తప్పుతారని అడిగారు. అనాటమీ–ఫిజియాలజీ 1లో, అదీ ల్యాబ్ ప్రాక్టికల్‌లో.

ముందు గంటలు లెక్కవేసుకోండి. ఒక క్రెడిట్‌కు వారానికి క్లాసులో ఒక గంట, ఇంట్లో రెండు గంటలు. అంటే 3 క్రెడిట్ల కోర్సుకు వారానికి 9 గంటలు. 4 క్రెడిట్ల అనాటమీకి మూడు గంటల లెక్చర్, రెండు మూడు గంటల ల్యాబ్, ఇంట్లో ఎనిమిది గంటలు, మొత్తం 13–14. ఇద్దరు పిల్లలతో మొదటి సెమిస్టర్‌లో అనాటమీకి తోడు ఒక తేలిక కోర్సు పెట్టుకోండి, మొత్తం 7 క్రెడిట్లు. హెచ్-4కు ఫుల్‌టైం నిర్బంధం లేదు. 12 క్రెడిట్ల నియమం, ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే లెక్కకొస్తుందన్న నియమం ఎఫ్-1 (విద్యార్థి వీసా) వాళ్లవి. ఎవరన్నా చెబితే కంగారు పడకండి. సమ్మర్‌లో ఎనిమిది వారాల్లో అనాటమీ ముగించేద్దామనుకునేవాళ్లు ఒక్కసారి 14ని రెండుతో గుణించి చూసుకోవాలి.

ల్యాబ్ ప్రాక్టికల్ ఇలా ఉంటుంది. బల్లల మీద మోడళ్లు, ఎముకలు, మైక్రోస్కోప్ స్లైడ్లు పెట్టి పిన్నులు గుచ్చుతారు. ఒక్కో స్టేషన్‌కు నిమిషమో నిమిషమున్నరో ఇస్తారు. బజర్ మోగగానే పక్కకు జరగాలి. జవాబుల జాబితా ఇవ్వరు, స్పెల్లింగ్‌కూ మార్కులు కోస్తారు, ఎముక కుడిదో ఎడమదో కూడా రాయమంటారు. లెక్చర్ స్లైడ్లు పది సార్లు చదివినవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. చదువుతున్నప్పుడు పేరు చూడగానే "తెలుసు" అనిపిస్తుంది, బల్ల దగ్గర ఆ పేరు మనమే బయటికి తీయాలి.

పనిచేసే పద్ధతి: ల్యాబ్ అయిన రోజే మోడల్‌ను నాలుగు వైపుల నుంచీ ఫోటో తీసుకోండి (ముందు పర్మిషన్ అడగండి, అసలైన మానవ అవయవాలుంటే ఫోటోలు నిషేధం). పేర్లు లేకుండా ప్రింట్ తీసి ఖాళీ గీతల మీద చేత్తో రాయండి. తప్పినవాటినే మర్నాడు, మూడోరోజు, వారం తర్వాత మళ్లీ రాయండి. ఎముకలు 206 అని భయపడక్కర్లేదు, కుడి ఎడమల జతలు తీసేస్తే పేర్లు చాలా తగ్గుతాయి. బరువంతా ఆ ఎముకల మీది గుంటలు, గడ్డలు, రంధ్రాల పేర్లలో ఉంది, మార్కులూ అక్కడే. ఓపెన్ ల్యాబ్ వేళలు చిన్న కాలేజీలో వారానికి రెండు మూడు గంటలకు మించవు. పిల్లల్ని ఎవరికి అప్పగిస్తారో ఆ వేళలు చూసుకునే నిర్ణయించుకోండి.

తేడా కొడుతోందని తెలిస్తే విత్‌డ్రా చివరి తేదీ లోపు "డబ్ల్యూ" తీసుకోండి. "ఎఫ్" వస్తే జీపీఏ (గ్రేడ్ల సగటు) పడిపోతుంది, డబ్ల్యూ వస్తే పడదు. ఫీజు వాపసు తేదీ వేరు, అది చాలా ముందే, మొదటి వారం రెండు వారాల్లోనే అయిపోతుంది. రెండిటినీ ఒకటే అనుకోకండి.

మెట్రోనోమ్96:

మిగతా కోర్సులు తేలికని చులకన చేయకండి. ఫిట్‌నెస్ అసెస్‌మెంట్‌లో మార్కులు పోయేది జ్ఞానం లేక కాదు, చేతులు తిరగక.

బీపీ కొలవడమే తీసుకోండి. మనిషి ఐదు నిమిషాలు కూర్చుని ఉండాలి. వీపుకు ఆనుడు, పాదాలు నేల మీద, చేయి గుండె ఎత్తులో బల్ల మీద. చొక్కా చేతి మీద కఫ్ చుట్టకూడదు. మణికట్టు నాడి మాయమైన అంకె కన్నా 30 పైకి గాలి కొట్టి, సెకనుకు రెండు చొప్పున దించాలి. కఫ్ చిన్నదైతే రీడింగ్ ఎక్కువ వస్తుంది, మాట్లాడుతూ ఉన్నా ఎక్కువే వస్తుంది. టెస్టులో మీ పార్ట్‌నర్ కబుర్లు చెప్పబోతే ఆపండి.

వైఎంసీఏ స్టెప్ టెస్ట్ (మెట్టు ఎక్కిదిగాక నాడి చూసే పరీక్ష): 12 అంగుళాల మెట్టు, మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) నిమిషానికి 96 బీట్లు, మూడు నిమిషాలు. ఎక్కడానికి రెండు బీట్లు, దిగడానికి రెండు, అంటే నిమిషానికి 24 సార్లు. ఆగగానే కూర్చోబెట్టి ఐదు సెకన్లలోపు నాడి లెక్క మొదలుపెట్టి, పూర్తి నిమిషం లెక్కించాలి. 15 సెకన్లు లెక్కించి నాలుగుతో గుణించేవాళ్లుంటారు. గుండె వేగం ఆ నిమిషంలో పడిపోతూనే ఉంటుంది కాబట్టి ఆ అంకె ఎక్కువ చూపిస్తుంది, టేబుల్‌తో పోల్చడానికి పనికిరాదు.

స్కిన్‌ఫోల్డ్ (ఒంట్లో కొవ్వు అంచనాకు చర్మపు మడత మందం) కుడివైపే తీయాలి. జాక్సన్–పొలాక్ మూడు చోట్ల పద్ధతిలో ఆడవాళ్లకు ట్రైసెప్స్ (పై చేయి వెనక), సుప్రాఇలియాక్ (తుంటి ఎముకకు పైన), తొడ. మగవాళ్లకు ఛాతీ, పొట్ట, తొడ. కాలిపర్‌ను వేళ్లకు ఒక సెంటీమీటర్ దూరంలో పెట్టి ఒకటి రెండు సెకన్లలో చదవాలి. ఒకేచోట వెంటవెంటనే రెండోసారి నొక్కితే చర్మం అణిగి తక్కువ వస్తుంది. మూడు చోట్లా ఒక చుట్టు తిరిగొచ్చి రెండో రీడింగ్ తీయండి.

కార్వోనెన్ లెక్క (వ్యాయామంలో నాడి ఎంత ఉండాలో తేల్చేది) పరీక్షలో తప్పకుండా ఉంటుంది. వయసు 40, విశ్రాంతిలో నాడి 70 అనుకోండి. 220 నుంచి 40 తీస్తే 180, అందులోంచి 70 తీస్తే 110. దాంట్లో 60 శాతం 66, దానికి మళ్లీ 70 కలిపితే 136. ఆ చివరి కలపడమే మర్చిపోతుంటారు. నిమిషానికి 66 అనేది వ్యాయామం లక్ష్యంగా వస్తే, విశ్రాంతి నాడి కంటే తక్కువని అక్కడే అనుమానం రావాలి.

న్యూట్రిషన్‌లో మూడు రోజుల ఆహార రికార్డు ఉంటుంది, అందులో ఒకటి వారాంతపు రోజు. మన వంటకు రెండు చోట్ల తప్పు దొర్లుతుంది. మొదటిది, అన్నం ఉడికాక తూచి డేటాబేస్‌లో "బియ్యం" ఎంచుకోవడం. 100 గ్రాముల బియ్యం 360 కేలరీల చిల్లర, 100 గ్రాముల అన్నం 130 దాకా. ఒక్క క్లిక్‌తో దాదాపు మూడింతలైపోతుంది. రెండోది పోపు నూనె. ఒక టేబుల్‌స్పూన్‌కు 14 గ్రాముల కొవ్వు, 120 కేలరీలు. గిన్నెడు పప్పులో వేసిన నూనెను తిన్న వాటా ప్రకారం విభజించి రాయండి. "దాల్" అని వెతికి వచ్చిన మొదటి ఎంట్రీ పెట్టేస్తే ఆ నూనె ఉందో లేదో మీకూ తెలియదు, లెక్చరర్‌కూ తెలియదు.

బిహేవియర్ చేంజ్ ప్రాజెక్టులో "ఐదు కిలోలు తగ్గుతాను" అని లక్ష్యం రాస్తే తిరిగొస్తుంది. అది ఫలితం, ప్రవర్తన కాదు. "సోమ, బుధ, శుక్ర రాత్రి భోజనం తర్వాత 20 నిమిషాల నడక" అన్నది ప్రవర్తన. మొదటి వారం ఏమీ మార్చకుండా ఉన్నదున్నట్టు రాసుకోవాలి, అదే బేస్‌లైన్. చివర్లో "నేను మెయింటెనెన్స్ దశకు (మారిన అలవాటు నిలబడ్డ దశకు) చేరాను" అని రాయకండి. ఆ దశకు ఆరు నెలలు నిలబడాలి. సెమిస్టర్ 15 వారాలే కాబట్టి ఎవరైనా యాక్షన్ దశలోనే (మార్పు మొదలుపెట్టి చేస్తున్న దశలోనే) ఉంటారు.

కొత్తబాట:

అందరికీ చాలా థాంక్సండీ. ఎవాల్యుయేషన్‌కు ఇవాళే మొదలుపెడతాను. ప్రాక్టికమ్ సంగతి ఎవరూ చెప్పలేదు. ముందుగా ఏమైనా సిద్ధం చేసుకోవాలా? డిగ్రీ వద్దనుకుంటే సర్టిఫికెట్‌లో ఏది వదిలినా పర్వాలేదు?

క్రెడిట్_లెక్కలు:

ప్రాక్టికమ్ హాస్పిటల్‌లో గానీ క్లినిక్‌లో గానీ ఉంటే టీకాల కాగితాలు అడుగుతారు: ఎంఎంఆర్, చికెన్‌పాక్స్, టీడ్యాప్, హెపటైటిస్ బి, సీజన్‌లో ఫ్లూ, టీబీ టెస్ట్, వీటితోపాటు బ్యాక్‌గ్రౌండ్ చెక్. మామూలు హెపటైటిస్ బి కోర్సు 0, 1, 6 నెలలకు మూడు డోసులు. అంటే స్ప్రింగ్‌లో ప్రాక్టికమ్ ఉంటే ముందు వేసవిలోనే మొదలవ్వాలి. చిన్నప్పుడు వేయించుకుని కాగితం పోగొట్టుకున్నవారు రక్తంలో టైటర్ (రోగనిరోధక శక్తి ఉందో లేదో చూసే పరీక్ష) చేయించుకుంటే సరిపోవచ్చు. టీబీకి చర్మం మీద చేసే టెస్ట్ కాకుండా ఐజీఆర్‌ఏ రక్తపరీక్ష అడగండి. బీసీజీ (టీబీ టీకా) వేయించుకున్న మనవాళ్లకు చర్మం టెస్ట్ తప్పుగా పాజిటివ్ వచ్చే అవకాశం ఉంది, అది వస్తే ఛాతీ ఎక్స్‌రే, ఇంకో రెండు వారాలు. జీతం ఇచ్చే ప్రాక్టికమ్ అయితే ఈఏడీ గడువు తేదీ ఆ సెమిస్టర్ చివరిదాకా ఉందో లేదో చూసుకోండి. రెన్యువల్ ఆలస్యమైతే సైట్ వాళ్లు ఆగరు.

గడప_దాటాక:

సర్టిఫికెట్‌లో ఏది వదలాలన్నదానికి నా మాట: స్ట్రెస్ మేనేజ్‌మెంట్ వదిలినా పరవాలేదు, అనాటమీ మాత్రం సర్టిఫికెట్‌లో లేకపోయినా తీసుకోండి. రేపు పీటీఏ (ఫిజికల్ థెరపిస్ట్ అసిస్టెంట్) వైపు, నర్సింగ్ వైపు, ఎటు మళ్లాలన్నా అడిగేది అదే. పీటీఏ కూడా అసోసియేట్ డిగ్రీయే, కానీ లైసెన్స్ ఉన్న ఉద్యోగం. కోర్సుకు సీఏపీటీఈ (ఫిజికల్ థెరపీ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ) అక్రెడిటేషన్ ఉండాలి, సీట్లు తక్కువ. మీ కాలేజీలో లేకపోతే పక్క కౌంటీల్లో ఎక్కడుందో చూసి, వాళ్ల ప్రిరిక్విజిట్ (ముందుగా చదివి ఉండాల్సిన కోర్సుల) జాబితా పక్కన పెట్టుకుని ఇక్కడి కోర్సులు ఎంచుకోండి. సీహెచ్ఈఎస్ వైపు వెళ్తే మాత్రం ల్యాబ్ కోర్సు కన్నా ముందు ఆ 25 క్రెడిట్ల కిందకు మీ కాలేజీలో ఏవేవి వస్తాయో తేల్చుకోండి. ఫాల్ రిజిస్ట్రేషన్ తెరిచిన రోజే అనాటమీ సెక్షన్ పట్టుకోండి. చిన్న కాలేజీలో ఒక్క ల్యాబ్ సెక్షనే ఉంటుంది, సాధారణంగా 24 మందికి మించి తీసుకోరు, నర్సింగ్‌కు వెళ్లేవాళ్లంతా దానికోసమే కాచుకుని ఉంటారు.